స్క్రీన్ ఆపి టీకి వెళ్ళిన అమ్మాయి

వేణుగోపాలరావు కెటిల్‌ని చంకలో పెట్టుకుని కంట్రోల్ రూమ్‌లోంచి బయటికి వస్తుంటే గుమ్మంలో ఒక అమ్మాయి అడ్డంగా నిలబడింది. నీలం రంగు ఓవరాల్, పై జేబులో టెస్టర్, బిగించి అల్లిన జడ. చూపు మాత్రం అతని మీద లేదు, కెటిల్ మీద ఉంది.

"అదెక్కడికి?"

"స్టోర్‌కి. ట్రయల్ అయ్యేదాకా ఈ రూమ్‌లో కెటిల్ ఉండకూడదు."

"ఎవరన్నారు?"

"నేనే. మెషిన్ ఎప్పుడాగినా టీ టైముకే ఆగుతోంది. కెటిల్ స్విచ్ వేసినప్పుడల్లా కరెంటు లైన్‌లో కుదుపు వస్తోంది. అందుకని."

"ఆ కుదుపు మీరు చూశారా?"

చూడలేదు. ఊహించాడు. ఊహని నిజమనుకోవడానికి ఇంజనీర్లకి ఎంతోసేపు పట్టదు. "చూడక్కర్లేదండీ, లాజిక్ ఉంది" అన్నాడు.

ఆ అమ్మాయి పక్కకి జరిగి దారిచ్చింది. అతను నాలుగడుగులు వేశాక వెనక నుంచి గొంతు తగ్గించి ఒక మాట అంది.

"దొంగ సచ్చినోడు."

వేణు చంకలోంచి కెటిల్ జారబోయింది. పాలకొండలో వాళ్ళ నాయనమ్మ పెరట్లో దూరిన కోతుల్ని తిట్టే తిట్టు అది. సముద్రం ఇవతల, చెరుకు తోటల మధ్య ఒక మిల్లులో, ఓవరాల్ వేసుకున్న అమ్మాయి నోట అదే తిట్టు, అదే సాగదీత. హైదరాబాద్ వెళ్ళాక తను దాచేసుకున్న ఊరి యాస అతనికి తెలియకుండానే బయటికొచ్చింది.

"ఏటన్నావు?" అన్నాడు వెనక్కి తిరిగి.

ఈసారి బిత్తరపోవడం ఆమె వంతయింది. ఇండియా నుంచి వచ్చినవాళ్ళంతా హిందీ వాళ్ళేనని అప్పటిదాకా ఆమె నమ్మకం.

ఇది తొంభై ఆరులో మాట. డర్బన్‌కి దక్షిణంగా, ఉమ్‌కోమాస్ దాటాక, అట్టపెట్టెలకి అట్ట తయారుచేసే చిన్న మిల్లు ఒకటి ఉండేది. ఇప్పుడు లేదు. షెడ్లు కూడా లేవు, చెరుకే ఉంది. కానీ ఆ రోజుల్లో ఆ దారిన పోతుంటే ఉడికిన గుజ్జు వాసన, సముద్రపు ఉప్పుగాలి కలిసి ముక్కుకి తగిలేవి. ఆ వాసన ఎంత చెడ్డదో, అక్కడ పనిచేసినవాళ్ళకి ఈనాటికీ అంత ఇష్టం.

మిల్లులో గుజ్జు పంపుల్ని నడిపే పాత కంట్రోల్ మెషిన్ తీసేసి కొత్తది పెడుతున్నారు. ఆ పని ఒప్పుకున్న డర్బన్ కంపెనీ వేణుని హైదరాబాద్ నుంచి కాంట్రాక్టు మీద రప్పించింది. మెషిన్ లోపల నడిచేది రియల్‌టైమ్ ఆపరేటింగ్ సిస్టమ్. అంటే అందులో ప్రతి పనికీ ఒక వేళ ఉంటుంది, ఆ వేళకి ఆ పని జరిగి తీరాలి. పంపు సంగతి చూసే పని ఒకటి, ఆ పని వేళకి జరుగుతోందా లేదా అని కాపలా కాసే పని ఇంకొకటి. పంపు పని ఆలస్యమైతే కాపలా పని ఊరుకోదు, లైను మొత్తం ఆపేస్తుంది. మెషిన్ చెప్పే మాటల్ని కేబుల్ మీదుగా కంట్రోల్ రూమ్‌లోని ఆకుపచ్చ అక్షరాల స్క్రీన్‌కి చేరవేసే ప్రోగ్రామ్ పేరు కన్సోల్ డ్రైవర్. అది వేణు స్వయంగా రాసింది. దాని మీద అతనికి ఎంత ప్రేమంటే, ఇంకే ప్రేమా అవసరం లేదనుకునేవాడు.

మూడు రోజుల ట్రయల్ ఆగకుండా నడిస్తే మిల్లువాళ్ళు మిగతా లైన్లూ ఇస్తారు, వేణు ఉంటాడు. నడవకపోతే టికెట్టు కొని ఇంటికి పంపేస్తారు. వచ్చిన కొత్తలో అతనికి ఈ రెండింటిలో ఏదైనా ఒకటే.

ఇంకొక సంగతి ముందే చెప్పాలి. ఆ అమ్మాయి పేరు అంబీ, పంపులు నడిపే ఆపరేటర్. ఆమె మాట్లాడేది ఇంగ్లీషు. ఆమె ముత్తాతలు విశాఖ దగ్గరి పల్లెల నుంచి చెరుకు కొట్టడానికి ఓడెక్కి వచ్చినవాళ్ళు. తెలుగు ఆమె దాకా వచ్చేసరికి అరిగి అరిగి తిట్లూ దండాలూ కూరల పేర్లూ, అవ్వ దగ్గర పట్టిన నాలుగు ముక్కలూ మాత్రం మిగిలాయి. ఆమె ఇంగ్లీషుని ఇక్కడ తెలుగులో పెడుతున్నాను. ఆమె నోట నిజంగా తెలుగు వచ్చినప్పుడు వచ్చిందని చెబుతాను.

ఆ మధ్యాహ్నం షిఫ్ట్ ఫోర్‌మన్ కోలిన్ వేణు దగ్గరికి వచ్చాడు. ఎర్రటి మొహం, తెల్లటి మీసం, నెమ్మదైన మనిషి.

"కెటిల్ తీసేశావట."

"ట్రయల్ కోసం సర్. తాత్కాలికంగా."

"నీకు తెలియదు కాబట్టి చెబుతున్నా. మొన్న మొన్నటిదాకా ఈ మిల్లులో టీ గదులు వేరు. మా తెల్లవాళ్ళది పైన, అంబీ లాంటి ఇండియన్లది బాయిలర్ వెనక, మా ప్యాట్రీషియా లాంటి నల్లవాళ్ళకి అసలు గదే లేదు, గేటు దగ్గర నిలబడి తాగేవాళ్ళు. రెండేళ్ళ కింద అందరికీ ఓటొచ్చిన ఎన్నికలైన వారం మేమంతా చందాలేసుకుని ఒక కెటిల్ కొన్నాం. మొదటి రోజు టీ నేనే పోశాను. నాకు సరిగ్గా చేతకాలేదు, ప్యాట్రీషియా ఇంకా నవ్వుతుంది." కోలిన్ టోపీ పెట్టుకున్నాడు. "నీ లాజిక్ కరెక్టే అయ్యుండొచ్చు. కెటిల్ వెనక ఇది కూడా ఉందని తెలిస్తే మంచిదని."

వేణుకి ఆ రాత్రి అన్నం సహించలేదు. కానీ కెటిల్ వెనక్కి ఇవ్వడానికి మొహమాటం అడ్డొచ్చింది. మర్నాడు చూద్దాంలే అనుకున్నాడు.

మర్నాడు మెషిన్ పదింటికి ఆగింది. ఆ తర్వాతి రెండు రోజులూ పదింటికే ఆగింది. అంతకుముందు ఎప్పుడో ఒకసారి ఆగేది, కెటిల్ పోయాక రోజూ ఆగడం మొదలెట్టింది. అంబీ పడ్డ ఆనందం మొహంలో దాగలేదు.

"మిస్టర్ రావ్, ఇవాళ ఏం తీసేస్తారు? ఫ్యానా, నన్నా?"

"మీరు టీకి ఎక్కడికెళ్తున్నారిప్పుడు?"

"క్యాంటీన్‌కి. మీ దయవల్ల వానలో తడుస్తూ. గేజులు చూసుకోవడానికి ఒకళ్ళం ఇక్కడే ఉంటాం, భయపడకండి."

"రేపు నేనూ ఇక్కడే కూర్చుంటాను."

"కూర్చోండి. కుదుపు కనిపిస్తే నాకూ చూపించండి."

మర్నాడు వేణు స్టూలు వేసుకుని ఆమె పక్కన కూర్చున్నాడు. బయట వాన. డర్బన్ చుట్టుపక్కల నటాల్ తీరంలో వాన హఠాత్తుగా వస్తుంది, రేకుల మీద ఎవరో గంపెడు గులకరాళ్ళు దొర్లించినట్టు. పదవుతుండగా అంబీ లేచింది. లేస్తూ లేస్తూ, పళ్ళెం మీద మూత పెట్టినంత అలవాటుగా, కీబోర్డు మీద రెండు వేళ్ళు వేసింది. స్క్రీన్ మీద పరిగెడుతున్న వరసలు ఆగిపోయాయి.

"ఏం నొక్కారు?"

"కంట్రోల్, ఎస్. స్క్రీన్ ఆపాను."

"ఎందుకు?"

"ఎందుకేమిటి, టీకి వెళ్తున్నా కదా. వెళ్ళేటప్పుడు ఎక్కడున్నామో వచ్చాక చూసుకోవద్దా? పాత మెషిన్ నుంచీ అందరం ఇంతే. అలారం అయితే హారన్ మోగుతుంది. మిగతాది వచ్చాక చూస్తాం."

వేణుకి అర్థమైంది. స్టూలు తన్నుకుంటూ లేచి, వానలో, కేబుల్ రెండో కొసన మెషిన్ ఉన్న ర్యాక్ రూమ్‌కి పరిగెత్తాడు. ఏమైందో తెలియక అంబీ కూడా వెనకే పరిగెత్తింది.

"చెప్పేదేదో ఆగి చెప్పండి."

"ఆగడమే కదా ఇక్కడ గొడవ." అతని జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి, మొహం వెలిగిపోతోంది. "మీరు ఆపమంటే నా డ్రైవర్ ఆపుతుంది. మర్యాద తెలిసిన డ్రైవర్. మాటల్ని తన సంచీలో దాచి పెడుతుంది. చిన్న సంచీ. నిండిపోయాక, ఇంకో మాట తెచ్చినవాణ్ణి గుమ్మంలో నిలబెట్టేస్తుంది, స్క్రీన్ వదిలేదాకా కదలొద్దని. ఆ మాట తెచ్చేదెవరో తెలుసా? పంపు పని. అది ఇక్కడ నిలబడిపోయింది. పంపు వేళ దాటిపోయింది. కాపలావాడు లైను ఆపేశాడు. ఇదివరకు మీరు మూలన కెటిల్ దగ్గర నాలుగు గుక్కలు తాగి వచ్చేసేవారు, చాలాసార్లు సంచీ నిండకముందే స్క్రీన్ వదిలేవారు. క్యాంటీన్ దూరం."

"అయితే నా టీ కోసం మీ మెషిన్ ఊపిరి బిగపట్టుకుని కూర్చుంటోంది."

"అంతే."

"అయితే కెటిల్ తప్పేం లేదు."

"లేదు."

అప్పుడామె తెలుగులో అంది. "నువ్వు కెటిల్ ఎందుకు తీసింది?"

ఆమె తెలుగులో మీరు అన్నమాటే లేదు. అవ్వ దగ్గర నేర్చుకున్న తెలుగులో అందరూ నువ్వే, చేసినవాళ్ళంతా చేసిందే. వేణుకి ఆ ప్రశ్న చెవికి ఎంత తియ్యగా తగిలిందంటే, జవాబు చెప్పడం మర్చిపోయి స్టోర్‌కి వెళ్ళి కెటిల్ తెచ్చేశాడు. అంతటితో ఊరుకోకుండా టీ కూడా తనే పెట్టాడు. అల్లం దంచి, పాలు పోసి, మరిగించి. కెటిల్‌లో పాలు మరిగించకూడదని ఎవరూ చెప్పలేదతనికి. పొంగి టేబుల్ మీద పారింది. ప్యాట్రీషియా నవ్వి నవ్వి కూలబడింది, కోలిన్ చేసిన మొదటి టీ ఇంతకంటే నయమంది. కానీ అందరూ తాగారు, రెండో కప్పు అడిగారు.

డ్రైవర్ దిద్దే దగ్గర మళ్ళీ పేచీ వచ్చింది.

"సంచీ నిండితే ఏం చేయాలి?" అన్నాడు వేణు. "ఎవరినీ నిలబెట్టకూడదంటే ఏదో ఒక మాట పారేయాలి. మా సార్ నేర్పింది ఒకటే, ఒక్క అక్షరం కూడా పోకూడదని."

"మీ సార్ వచ్చి నా పంపు నడుపుతాడా? పారేయండి. పాతవి పారేయండి, కొత్తవి ఉంచండి. నేను వెళ్ళేటప్పటి సంగతి స్క్రీన్ మీదే ఉంటుంది. వచ్చాక నాకు కావలసింది ఇప్పుడేం జరుగుతోందో అది. మధ్యలోది పోతే పోనీ."

"మధ్యలోది ముఖ్యమైనదైతే?"

"ముఖ్యమైనదైతే మళ్ళీ చెప్పాలి. మనుషులైనా అంతే కదా."

వేణు తలూపి, పాతవి పారేసేలా మార్చాడు. మనసు చివుక్కుమంటూనే మార్చాడు.

తర్వాతి రోజులే ఈ కథలో నాకు బాగా ఇష్టమైనవి. కొత్త డ్రైవర్‌ని పరీక్షించాలి కదా. వేణు ర్యాక్ రూమ్‌లో మెషిన్‌కి ల్యాప్‌టాప్ తగిలించుకుని, అంబీ కంట్రోల్ రూమ్‌లో స్క్రీన్ ముందు కూర్చుని, ఒకళ్ళకొకళ్ళు టైపు చేసుకునేవాళ్ళు. పంపు అంకెల మధ్యన వాళ్ళ మాటలు దూరి నడిచేవి. ఇప్పటి పిల్లలు చేతిలో ఫోన్ పెట్టుకుని రోజంతా చేసే పనే, కాకపోతే వీళ్ళకి ఆఫీసువాళ్ళు జీతమిచ్చి చేయించారు.

"టెస్ట్ టెస్ట్" అని కొట్టేవాడు వేణు.

"అదొక్కటే వచ్చా నీకు?" అని వచ్చేది జవాబు.

"ఏం రాయమంటావు?"

ఆమె ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసేది. "ఇవాళ ఏం కూర తిన్నది?"

"బ్రెడ్డు, జామ్."

"పాపం గుంటడు. అవ్వ మడుంబి పులుసు చేసింది. నువ్వు వచ్చింది అయితే పెడుతుంది."

మడుంబి అంటే ఏమిటో అతనికి తెలియలేదు. వానపడ్డ ఒక సాయంత్రం ఆమె టాక్సీ రాలేదు. వేణు కంపెనీ బక్కీలో, అంటే వెనక తొట్టి ఉన్న జీపులాంటి బండిలో, దింపుతానన్నాడు. ఆ బక్కీకి డ్రైవర్ వైపు వైపర్ ఒక్కటే పనిచేసేది. అంబీ తన వైపు అద్దం మీద ఏమీ కనిపించక, దారి చూడాలన్న వంకతో ఇటు జరిగి కూర్చుంది. దారి ఎంత చూసిందో తెలియదు. వేణు మాత్రం ఆమె ఉండే షాల్‌క్రాస్ మలుపు దాటేసి చాలా దూరం పోయాక వెనక్కి తిప్పాడు.

"రోజూ ఇలాగే నడుపుతావా?" అంది.

"రోజూ నువ్వు పక్కన ఉండవు కదా" అని, అన్నందుకు తనే కంగారుపడి, హారన్ కొట్టాడు. ఎదురుగా ఎవరూ లేరు.

షాల్‌క్రాస్‌లో కొండవాలు మీద ఇల్లు. అంబీ చిన్నప్పుడే తల్లి పోయింది, పెంచింది నాయనమ్మ సూరమ్మ. ఆమె గుమ్మంలోనే వేణుని ఆపి కిందా మీదా చూసింది.

"కెటిలెత్తికెల్లిపోయినోడు ఈడేనేటే?"

"అవునవ్వా" అన్నాడు వేణు.

"తెలుగోడివేటి నువ్వు? ఏ ఊరు బాబూ?"

"పాలకొండ అవ్వా."

సూరమ్మకి పాలకొండ ఎక్కడో తెలియదు. ఆమె పుట్టింది ఉమ్‌కోమాస్ చెరుకు తోటల్లోనే. కానీ అతని యాస తెలుసు. వాళ్ళమ్మ అలాగే మాట్లాడేది. "లోపలికి రా అయ్యా, తిని ఎల్దువు గాని" అంటూ చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది. మడుంబి అంటే చామదుంప అని ఆ పూట తెలిసింది. అవ్వ పెడుతూనే ఉంది, అడుగుతూనే ఉంది, అతను చెబుతున్నదాంట్లో సగం ఆపి "ఆ మాట మల్లీ సెప్పు" అంటూనే ఉంది.

అంబీ తండ్రి జగన్నాథ్ బట్టల ఫ్యాక్టరీలో కటింగ్ మాస్టర్. ఆయనకి తెలుగు పెద్దగా అర్థం కాదు. తల్లి అంతసేపు నవ్వడం చూసి ఆయనా సంతోషించాడు. కానీ వేణు వెళ్ళాక కూతురితో ఇంగ్లీషులో ఒక మాట అన్నాడు.

"కుర్రాడు మంచివాడే. కాంట్రాక్టు మీద వచ్చినవాడు. పని అయిపోతే వెళ్ళిపోతాడు. ముసలామెకి అలవాటు చేయకు." తలుపు గడియ పెడుతూ, "నువ్వు కూడా అలవాటు పడకు" అన్నాడు.

అంబీ ఆ మాట మనసులో పెట్టుకుంది. అతణ్ణి ఉండమని తను అడగకూడదనుకుంది. అడిగితే ఉంటాడు, రేపు ఊరి మీద బెంగపడితే తన మొహం చూసి కుమిలిపోతాడు. ఉండాలనుంటే తనే చెప్పాలి. ఇది గర్వమో భయమో ఆమెకీ తెలియదు.

ట్రయల్ మొదలైంది. టీలు అయ్యాయి, స్క్రీన్ ఆగింది, మళ్ళీ నడిచింది, మెషిన్ మాత్రం ఆగలేదు. మూడో రోజు పొద్దున్నే కంపెనీ బాస్ ఫోన్ చేశాడు. "ఇవాళ కూడా ఆగకపోతే మిల్లువాళ్ళు మిగతా లైన్లు మనకే ఇస్తారట వేణూ. రెండేళ్ళు ఉంటావా? శుక్రవారంలోగా చెప్పు. ఉండవంటే ఆదివారానికి టికెట్టు బుక్ చేస్తాను, ఇంకొకణ్ణి వెతుక్కుంటాను."

మొదట్లో రెండూ ఒకటే అనుకున్నవాడికి ఇప్పుడు రెండూ ఒకటి కాదు. అంబీకి తను కావాలంటే ఉండాలి. అక్కర్లేదంటే ఆ ఊళ్ళో, ఆమె ఎదురుగా, రెండేళ్ళు ఉండడం అతని వల్ల కాదు. అడగాలి. ఎదురుగా నిలబడి అడిగే ధైర్యం లేదు. పది కొట్టింది. టీ టైములో కాపలా వంతు అంబీదే, మిగతావాళ్ళు స్క్రీన్ దగ్గర ఉండరు. అదే అదను అనుకున్నాడు. ర్యాక్ రూమ్‌లో తలుపు వేసుకుని టైపు చేశాడు.

"అంబీ, నాకు నువ్వంటే ఇష్టం. ఉండమంటే ఉంటాను."

కొట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

కంట్రోల్ రూమ్‌లో ఆ రోజు ప్యాట్రీషియా పుట్టినరోజు. మూలన కేకు కోస్తున్నారు, రమ్మని అంబీని లాక్కెళ్ళారు. ఆమె లేస్తూ లేస్తూ కీబోర్డు మీద రెండు వేళ్ళు వేసింది. కేకు తిన్నారు, పాట పాడారు, ఇంకో పాట పాడారు. ఈలోగా పంపు పని మర్యాదగా ఒక్కో వరసా తెచ్చి ఇస్తూనే ఉంది, సంచీ నిండుతూనే ఉంది, డ్రైవర్ తనకి చెప్పినట్టే పాతవి పారేస్తూనే ఉంది.

ఆమె తిరిగొచ్చి స్క్రీన్ వదిలింది. అంకెలన్నీ సరిగ్గా ఉన్నాయి. ట్రయల్ గెలిచినట్టే. అతని పని అయిపోయినట్టే. నవ్వుతున్నట్టు కనిపించాలని తెలుగులో కొట్టింది.

"అన్నీ చూసింది. బాగుంది. ఇంక నువ్వు ఇంటికి పోవచ్చు."

వద్దు, పోను అంటాడని చూసింది. చాలాసేపు చూసింది.

అవతల వేణు ఆ వరస చదివి ల్యాప్‌టాప్ మూసేశాడు. ఆడపిల్ల ఇంతకంటే మర్యాదగా ఎలా కాదంటుంది అనుకున్నాడు. శుక్రవారం పొద్దున బాస్‌కి ఫోన్ చేసి టికెట్టు బుక్ చేయమన్నాడు. అంబీకి ఆ సంగతి కోలిన్ ద్వారా తెలిసింది. సరే అంది, టెస్టర్ తీసుకుని బాయిలర్ వైపు వెళ్ళిపోయింది. బాయిలర్ దగ్గర ఆ రోజు ఆమెకి పనేం లేదు.

శనివారం వేణు సూరమ్మకి చెప్పి వెళ్దామని షాల్‌క్రాస్ వచ్చాడు. జగన్నాథ్ ముందు గదిలో రేడియోలో క్రికెట్ వింటున్నాడు. అవ్వ దారిలో తినమని ఊరగాయ సీసాకి గుడ్డ కడుతోంది, కడుతూ ఎవరినో తిడుతోంది. విమానాన్నో, కంపెనీనో, దేవుణ్ణో స్పష్టంగా తెలియలేదు. అంబీ వెనక మెట్ల మీద కూర్చుని చిక్కుడుకాయలు తుంపుతోంది. తలెత్తలేదు.

"వెళ్తున్నాను" అన్నాడు వేణు.

"తెలుసు."

"నీ మీద కోపమేం లేదు. నీకు ఇష్టం లేకపోతే లేదు. ఆ మాట మర్యాదగానే చెప్పావు."

ఆమె చేతిలో చిక్కుడుకాయ ఆగింది. "నేనేం చెప్పాను?"

"ఇంటికి పొమ్మన్నావు కదా."

"ట్రయల్ అయిందని అన్నాను. నువ్వేమైనా అడిగావా, కాదనడానికి? ఒక్కరోజు, ఒక్క మాట, ఏమైనా అడిగావా నన్ను?"

"అడిగాను. స్క్రీన్ మీద. మూడో రోజు, పదింటికి."

"పదింటికా?"

"నీ కాపలా వంతని."

"పదింటికి కేకు కోశాం. నేను స్క్రీన్ ఆపి వెళ్ళాను."

ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. వేణు ఆమె పక్కన మెట్టు మీద కూర్చున్నాడు. "పాతవి పారేస్తుంది" అన్నాడు నెమ్మదిగా. "నేనే రాశాను."

"పారేయమన్నది నేనే" అంది అంబీ. ఆమె కళ్ళలో నీళ్ళు వచ్చేశాయి, నవ్వూ వచ్చేసింది. "ఏం రాశావు?"

వేణు వేళ్ళు మోకాలి మీద టైపు కొడుతున్నట్టు కదిలాయి.

"ఇక్కడ కీబోర్డు లేదు. నోటితో చెప్పు."

చెప్పాడు. ఇంగ్లీషులో మొదలెట్టి, అది రాక, హైదరాబాద్ తెలుగులోకి వచ్చి, అదీ చాలక, చివరికి పాలకొండ యాసలోకి జారిపోయి, ఊపిరి తీసుకోకుండా చాలా చెప్పాడు. బక్కీ గురించి, కెటిల్ గురించి, ఆమె లేని ఊళ్ళో తనకి పనేమిటన్న దాని గురించి. అంబీ కళ్ళార్పకుండా విన్నది. సగం కంటే ఎక్కువ అర్థం కాలేదు. తల తిప్పి లోపలికి కేకేసింది.

"అవ్వా, ఇతను ఏం చెబుతున్నాడు?"

సూరమ్మ ఊరగాయ సీసాతో గుమ్మంలోనే ఉంది. ఎప్పటి నుంచి ఉందో తెలియదు. కేక విని జగన్నాథ్ కూడా వచ్చాడు.

"ఏటున్నాదే సెప్పడానికి. నువ్వు కావాలంతన్నాడు. ఉండమంటే ఉండిపోతానంతన్నాడు" అంది అవ్వ. కొడుకు వైపు తిరిగి తనకొచ్చిన ఇంగ్లీషులో అదే మాట ఇంకా పొట్టిగా చెప్పింది. సీసా కింద పెట్టి, కట్టిన గుడ్డ విప్పేయడం మొదలెట్టింది.

జగన్నాథ్ వేణుని చూశాడు. కూతుర్ని చూశాడు.

"టికెట్టు బుక్కయిందా?"

"రేపటికి, అంకుల్."

"ఫోన్ హాల్లో ఉంది" అన్నాడాయన.

వేణు పరిగెత్తి బాస్ ఇంటి నంబర్ తిప్పాడు. శనివారం మధ్యాహ్నం. బాస్ భార్య తీసి, ఆయన తోటలో మాంసం కాలుస్తున్నాడు, పిలుస్తాను ఉండమంది. వేణు రిసీవర్ చెవికి ఆనించుకుని నిలబడ్డాడు. అంబీ పక్కకి వచ్చింది. చేతులకి ఇంకా చిక్కుడు పీచులున్నాయి.

"ఆ మొదటి ముక్క మళ్ళీ చెప్పు. నెమ్మదిగా."

"నాకు" అన్నాడు.

"నాకు" అంది.

"నువ్వంటే."

"నువ్వంటే."

"ఇష్టం."

ఆమె ఆ మాటని ఒకసారి పెదవుల మీదే అని చూసుకుంది. తర్వాత అతని సాయం లేకుండా, మొదటి నుంచి చివరిదాకా, మూడు మాటలూ తనే చెప్పింది. చెప్పి, ఇంకొకటి తనంతట తాను చేర్చింది.

"ఉండు."

రిసీవర్‌లో బాస్ హలో అంటున్నాడు. హలో, వేణూ, ఎవరది, హలో అంటున్నాడు. వేణుకి ఒక్క ముక్క నోట రావడం లేదు. జగన్నాథ్ దగ్గరికొచ్చి, అతని చేతిలోంచి రిసీవర్ తీసుకున్నాడు.

"నేను షాల్‌క్రాస్ నుంచి జగన్నాథ్‌ని మాట్లాడుతున్నాను. మీ కుర్రాడు వెళ్ళడం లేదు. లేదు సర్, ఇప్పుడు మాట్లాడలేడు. నేనా? నేను అమ్మాయి తండ్రిని."